13 ఏళ్ళ సీపీయూ నత్తనడక నడుస్తోంది, బోర్డు పోయిందంటున్నారు, నిజమేనా?

సింగ్‌నగర్_డీటీపీ · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్‌లో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు, అదే పని. 2013లో అసెంబుల్ చేయించిన సీపీయూ మీదే ఇప్పటికీ నడుస్తోంది. ఐ3 3220 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున షట్టర్ తీసి స్విచ్ నొక్కి, షాపు ఊడ్చి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, పక్క బడ్డీలో టీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. నిన్న పెళ్ళివాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగా వరుడి ఇంటిపేరులో ఒక్క ఒత్తు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. పెళ్ళికూతురి మేనమామ అనుకుంటా, "చేత్తో రాసుకున్నా ఈపాటికి అయిపోయేది బాబూ" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఒక మెకానిక్ దగ్గరికి మోసుకెళ్తే మూత కూడా తీయకుండా "బోర్డు వీక్ అయింది సార్, దీని మీద ఇంక పైసా పెట్టడం దండగ, కొత్తది 28 వేలకి కట్టిస్తా" అన్నాడు. ఇంకొకాయన 500 ఇస్తే ఫార్మాట్ కొడతా అన్నాడు. ఫార్మాట్ నిరుడే కొట్టించా, వారం బాగుంది, తర్వాత మళ్ళీ మామూలే. ఇంకో విచిత్రం, రోజూ పొద్దున గడియారం 2012 జనవరి 1 చూపిస్తుంది, టైము సరిచేస్తే గానీ బ్యాంకు సైటు తెరుచుకోదు. ఎవరి మాట నమ్మాలి?

పటమట_కుర్రోడు · సోమవారం రాత్రి 10:52

హార్డ్ డిస్క్ తీసేసి దాని బదులు ఎస్ఎస్‌డీ వేయించండి అన్నా. అంతే. చర్చ అక్కర్లేదు.

జెట్_స్పీడ్ · సోమవారం రాత్రి 11:05

నేనొక క్లీనర్ సాఫ్ట్‌వేర్ వాడతా, ఒక్క బటన్ నొక్కితే 1,400 ఎర్రర్లు తీసేసింది. లింక్ కావాలంటే మెసేజ్ పెట్టండి.

బ్రాడీపేట_సర్వీస్ · సోమవారం రాత్రి 11:30

జెట్ తమ్ముడూ, ఆ లింక్ నీ దగ్గరే ఉంచుకో. నేను గుంటూరులో 17 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా. రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు, శుభ్రం చేస్తే వేగం పెరిగిన సిస్టం ఒక్కటి చూడలేదు, చేశాక ప్రింటర్ పనిచేయడం లేదని నా దగ్గరికి వచ్చినవి మాత్రం చాలా చూశా.

సింగ్‌నగర్ గారూ, ముందు గడియారం సంగతి. బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. అది అయిపోయింది. వాచీల షాపులో దొరుకుతుంది, మీరే మార్చుకోవచ్చు. బ్యాంకు సైటు తెరుచుకోకపోవడం కూడా అందుకే. సైటు సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది, మీ సిస్టమేమో 2012లో ఉన్నానంటోంది, ఇంక అదెలా నమ్ముతుంది?

నత్తనడకకి మాత్రం ఇది కారణం కాదు. బోర్డు వీక్ అవడం అనే జబ్బు నాకు తెలిసి లేదు. బోర్డు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, లేదా మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. ఏదైనా కొనేముందు ఓ పని చేయండి. రేపు పొద్దున ఆన్ చేయగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్ ఏది ఎంత చూపిస్తోందో, డిస్క్ కింద యావరేజ్ రెస్పాన్స్ టైమ్ ఎన్ని మిల్లీసెకన్లో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరుకుతుంది, దాన్ని దాని అసలు సైటు నుంచే దింపుకుని తెరవండి, డిస్క్ నీలంగా ఉందో పసుపుగా ఉందో చెప్పండి. విండోస్ 32 బిట్టా 64 బిట్టా కూడా చూడండి.

లైనక్స్_బెజవాడ · మంగళవారం ఉదయం 7:15

విండోస్ తీసేసి లైనక్స్ మింట్ ఎక్కించండి, 4 జీబీలో హాయిగా నడుస్తుంది, వైరస్ గోల ఉండదు.

సింగ్‌నగర్_డీటీపీ · మంగళవారం ఉదయం 10:20

లైనక్స్ గారూ, నా అన్నం పేజ్‌మేకర్, అను ఫాంట్లు. 13 ఏళ్ళ శుభలేఖలన్నీ అందులోనే ఉన్నాయి. అవి యూనికోడ్ కూడా కాదు, వేరే చోట తెరిస్తే వధువు పేరు పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. ఇంట్లో పిల్లల సిస్టం అయితే మీ మాటే వినేవాణ్ణి.

బ్రాడీపేట గారూ, మీరడిగినవి ఇవిగో. ఆన్ చేసి పది నిమిషాలైనా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంది, కానీ చదివే వేగం చూస్తే సెకనుకి 0.9 ఎంబీ మాత్రమే. రెస్పాన్స్ టైమ్ 4,200 మిల్లీసెకన్లు. సీపీయూ 12 శాతం. ర్యామ్ 4 జీబీ అని ఉంది, పక్కనే 3.16 జీబీ మాత్రమే వాడుకోవచ్చని ఉంది. విండోస్ 32 బిట్. క్రిస్టల్‌లో పసుపు రంగు, కాషన్ అని వచ్చింది. సీ5 అనే వరుసలో చివర 30 ఉంది.

బ్రాడీపేట_సర్వీస్ · మంగళవారం ఉదయం 10:41

పని ఆపండి. ఇప్పుడే ఆపండి. ఆ డిస్క్ మీద కొత్తగా ఏమీ సేవ్ చేయకండి.

సీ5 అంటే డిస్క్ చదవలేక పక్కన పెట్టిన సెక్టర్ల (డిస్క్ మీది చిన్న చిన్న గళ్ళ) లెక్క. ఆ సాఫ్ట్‌వేర్ అంకెల్ని హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తుంది కాబట్టి 30 అంటే 30 కాదు, 48. మంచి హార్డ్ డిస్క్ ఒక ముక్క వెతికి తేవడానికి 10, 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మీది నాలుగు సెకన్లు తీసుకుంటోంది. లోపల ఏం జరుగుతోందంటే, డిస్క్‌ని చదివే ముల్లు, పాడైన చోటికి వెళ్ళి చదవబోతుంది, రాదు, వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్తుంది, మళ్ళీ రాదు. అంతసేపూ విండోస్ చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. అందుకే ప్రాసెసర్ 12 శాతం దగ్గర ఖాళీగా కూర్చుంది. నిరుడు ఫార్మాట్ కొట్టాక వారం బాగుండడం కూడా ఇందుకే అయ్యుంటుంది, విండోస్ వేరే చోట పడింది, పాడైన సెక్టర్లు అక్కడికీ పాకాయి.

డీఫ్రాగ్ (ఫైళ్ళ ముక్కల్ని ఒకచోట సర్దే పని) కొట్టొద్దు. ఎవరైనా చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికే పని) నడపమంటే వినొద్దు, ఈ స్థితిలో అది గంటల తరబడి డిస్క్‌ని గీకుతుంది, ఉన్న ప్రాణం కాస్తా పోతుంది. మొదట కస్టమర్ల ఫైళ్ళు, తర్వాత ఫాంట్లు, ఆ తర్వాతే మిగతావి. బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

మిర్చియార్డ్_గుమాస్తా · మంగళవారం మధ్యాహ్నం 1:10

మా కమీషన్ కొట్లోనూ ఇంతే. సీజన్ మధ్యలో ట్యాలీ తెరుచుకోక రైతులు గుమ్మంలో నిలబడ్డారు. మేం బ్యాకప్ తీయలేదు. ఇంక చెప్పను, షావుకారు ఇప్పటికీ తిడుతుంటాడు.

సింగ్‌నగర్_డీటీపీ · బుధవారం తెల్లవారుజాము 2:30

ఇంకా షాపులోనే ఉన్నా. మామూలుగా కాపీ పెడితే 2017 శుభలేఖల ఫోల్డర్ దగ్గర ఆగిపోతోంది. గంటైంది, బార్ కదలడం లేదు. ఇక్కడ దోమలు చంపేస్తున్నాయి.

లక్ష్మీపురం_అక్క · బుధవారం ఉదయం 6:05

తమ్ముడూ, మామూలు కాపీ వద్దు, రోబోకాపీ అనే కమాండ్ వాడు, విండోస్‌లోనే ఉంటుంది. కానీ దాన్ని ఉన్నదున్నట్టు నడిపితే చదవని ఫైలు కోసం 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కో ప్రయత్నానికి మధ్య 30 సెకన్లు ఆగుతుంది! ఎవరు పెట్టారో గానీ ఆ లెక్క. అందుకని మళ్ళీ ప్రయత్నాలు 1, ఆగే సమయం 1 అని స్విచ్‌లు పెట్టి నడుపు. చదవనివి వదిలేసి ముందుకెళ్తుంది, ఏవి రాలేదో చివర్లో లెక్క చెబుతుంది. పది ఫైళ్ళ కోసం పదివేల ఫైళ్ళు ఆపుకోకు.

పదేళ్ళు ఇంటర్నెట్ సెంటర్ నడిపాను, ఎనిమిది సిస్టంలు. ఇలాంటి రాత్రులు నాకూ ఉన్నాయి. ఒక టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఆ డిస్క్ వైపు తిప్పిపెట్టు, నీకూ దోమలు తగ్గుతాయి.

సింగ్‌నగర్_డీటీపీ · బుధవారం రాత్రి 9:15

అక్కా, దండం. 62 జీబీ బయటికొచ్చింది. పోయినవి 11 ఫైళ్ళు, అందులో తొమ్మిది పాత ఫ్లెక్సీల ఫొటోలు, రెండు నిజమైన శుభలేఖలు. ఆ పెళ్ళిళ్ళు ఎలాగూ అయిపోయాయి.

ఇప్పుడేం కొనాలి? ఎస్ఎస్‌డీ సరే, ర్యామ్ కూడానా? హెచ్61 బోర్డులో డిస్క్ తగిలించే సాటా పోర్టులు పాతవే ఉంటాయి, ఎస్ఎస్‌డీ దండగ అని ఒకరన్నారు.

పటమట_కుర్రోడు · బుధవారం రాత్రి 9:22

నేను మొదటి రోజే చెప్పా :)

బ్రాడీపేట_సర్వీస్ · బుధవారం రాత్రి 10:00

చెప్పావు బాబూ. కానీ డేటా సంగతి చెప్పలేదు. నీ మాట విని నేరుగా షాపుకెళ్తే, "క్లోన్ చేస్తా, ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దింపుతా" అని ఆ పాడైన డిస్క్‌ని తగిలించేవాడు, సగంలో చచ్చేది.

సాటా గురించి ఆయన చెప్పింది సగం నిజం. హెచ్61లో ఉన్నవి 3 గిగాబిట్ పోర్టులే, అంటే ఎస్ఎస్‌డీ సెకనుకి 500 ఎంబీ పైన చదవగలిగినా ఇక్కడ 270, 280 ఎంబీ దగ్గర ఆగుతుంది. అయితే ఏమైంది? విండోస్ లేచేటప్పుడు ఒకే పెద్ద ఫైలు చదవదు కదా, వేల చిన్న ముక్కలు అక్కడా ఇక్కడా ఏరుకుంటుంది. హార్డ్ డిస్క్‌కి ప్రతి ముక్కకీ ముల్లు జరగాలి, పళ్ళెం తిరగాలి. ఎస్ఎస్‌డీకి ముల్లూ లేదు, పళ్ళెమూ లేదు. తేడా అంతా అక్కడే. 256 జీబీ చాలు మీకు. విండోస్ ఎక్కించే ముందు బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉందో లేదో చూడండి. పాత పద్ధతి ఐడీఈలో ఉంచి విండోస్ ఎక్కించి తర్వాత మారిస్తే నీలం తెర వస్తుంది.

ర్యామ్ కూడా కావాలి, కానీ 64 బిట్ విండోస్ వేస్తేనే. 32 బిట్‌లో మీరు 8 జీబీ పెట్టినా 3 చిల్లరకి మించి వాడదు. మీ బోర్డుకి పట్టే డీడీఆర్3 ర్యామ్ ఇప్పుడు పాతవే దొరుకుతాయి, మంచివే. ఒక్కటి జాగ్రత్త, చవగ్గా 8 జీబీ అంటూ ఏఎండీ బోర్డులకి మాత్రమే పనిచేసేవి అంటగడతారు, మీ ఇంటెల్ బోర్డు వాటిని చూడనైనా చూడదు. ముందే అడిగి తీసుకోండి, కుదిరితే అక్కడే పెట్టించి చూడండి. 4 జీబీది ఇంకొకటి తోడు పెట్టినా చాలు. ఇంకోటి, 64 బిట్‌కి మారేముందు మీ ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి, పాత లేజర్లతో అక్కడే ఇరుక్కుంటారు. పేజ్‌మేకర్ 7 మా కస్టమర్ల దగ్గర 64 బిట్‌లో నడుస్తోంది.

రిటైర్డ్_లెక్చరర్_గుంటూరు · గురువారం ఉదయం 5:50

నాయనా, ఒక సందేహం. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది కదా. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. ఈయనది మూడో తరం. అలాంటి యంత్రం మీద మళ్ళీ డబ్బు పెట్టించడం న్యాయమేనా?

బ్రాడీపేట_సర్వీస్ · గురువారం ఉదయం 8:30

న్యాయమైన ప్రశ్న మాస్టారూ. ఇంట్లో వాడుకునేవాళ్ళకి 2026 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించే పథకం ఉంది, నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత నేనైతే ఈ సిస్టం మీద బ్యాంకు పని చేయొద్దనే చెబుతా, అది ఫోన్‌లో చేసుకోవచ్చు. పేజ్‌మేకర్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, తీగ పీకేసి ఇంకో నాలుగేళ్ళు శుభలేఖలు కొట్టుకోవచ్చు. పైగా ఎస్ఎస్‌డీ రేపు కొత్త సీపీయూలోకీ పనికొస్తుంది. రూల్స్ దాటించి 11 ఎక్కించే దారులున్నాయి, కస్టమర్ షాపు సిస్టంకి నేను చేయను.

రిటైర్డ్_లెక్చరర్_గుంటూరు · గురువారం ఉదయం 8:44

సరే, ఒప్పుకున్నాను. తీగ పీకే సంగతి బాగుంది.

సింగ్‌నగర్_డీటీపీ · శుక్రవారం రాత్రి 8:00

అయ్యా, అక్కా, అందరికీ! గవర్నర్‌పేట వెళ్ళి 256 జీబీ ఎస్ఎస్‌డీ, పాత 4 జీబీ ర్యామ్ తెచ్చా, బిళ్ళ బ్యాటరీతో కలిపి మూడు వేల లోపే అయింది. 64 బిట్ విండోస్ ఎక్కించా. స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ దాకా 24 సెకన్లు, ఫోన్‌లో టైమర్ పెట్టి మూడుసార్లు చూసుకున్నా. మా ఆవిడ వచ్చి ఇది మన సీపీయూనేనా అంది. ఇంతకుముందు 1,500 ఫాంట్లు వేసి ఉంచేవాణ్ణి, ఈసారి రోజూ వాడే 60 మాత్రమే వేశా, పేజ్‌మేకర్ కూడా గబుక్కున లేస్తోంది. గడియారం కూడా సరిగ్గా ఉంది.

పటమట_కుర్రోడు · శుక్రవారం రాత్రి 8:03

పార్టీ ఎక్కడ అన్నా?

సింగ్‌నగర్_డీటీపీ · శనివారం మధ్యాహ్నం 2:25

పార్టీ లేదు తమ్ముడూ. మళ్ళీ మొదలైంది. పొద్దున బాగానే ఉంది, ఒక ముప్పావుగంట పనిచేశాక మౌస్ కూడా తడబడుతోంది. ఆపి, భోజనం చేసి వచ్చి ఆన్ చేస్తే బాగుంటుంది, మళ్ళీ ముప్పావుగంటకి అదే. డిస్క్ 2 శాతం ఉంది. బోర్డు పోయిందన్న మాటే నిజమవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

లక్ష్మీపురం_అక్క · శనివారం మధ్యాహ్నం 2:40

భోజనం చేసి వస్తే బాగుపడే జబ్బు ఒక్కటే, వేడి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ మీద నొక్కి, కింద స్పీడ్ ఎంత చూపిస్తోందో చెప్పు. బేస్ స్పీడ్ 3.30 ఉండాలి నీ ప్రాసెసర్‌కి. ఇంకో మాట, సీపీయూ ఎక్కడ పెట్టావు? టేబుల్ కిందా?

సింగ్‌నగర్_డీటీపీ · శనివారం మధ్యాహ్నం 2:58

స్పీడ్ 1.57 చూపిస్తోంది. తడబడనప్పుడు 3.29 ఉంది.

కింద కాదక్కా. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళొచ్చినప్పుడు కరెంటు తీసేసి దీన్ని చంకన పెట్టుకుని పైఅంతస్తు వాళ్ళింటికి మోసుకెళ్ళా. ప్రింటరూ, కట్టింగ్ మిషనూ పోయాయి, ఇదొక్కటే మిగిలింది. ఆ తర్వాత వడ్రంగితో గోడకి ఛాతీ ఎత్తున ప్లైవుడ్ గూడు కట్టించి అందులో పెట్టా. తలుపు కూడా ఉంది, దుమ్ము పడకుండా.

లక్ష్మీపురం_అక్క · శనివారం మధ్యాహ్నం 3:04

తలుపు కూడానా! తమ్ముడూ, అది గూడు కాదు, కుంపటి. వెనక ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) వదిలిన వేడిగాలి ఎటూ పోలేక తిరిగి ముందునుంచి లోపలికే వస్తోంది. ఎండలు ఇంకా ముదరనేలేదు. కాలిపోకుండా ప్రాసెసర్ తన వేగం తనే సగానికి దించుకుంటోంది, పాపం దాని తప్పేం లేదు. తలుపు తీసిపెట్టి, కేబినెట్ మూత ఊడదీసి, ప్రాసెసర్ మీద ఫ్యాన్ చూడు.

మిర్చియార్డ్_గుమాస్తా · శనివారం సాయంత్రం 5:20

మూత తీసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. నవ్వకండి. మా కొట్టు సీపీయూ మూత తీసిన రోజు మెకానిక్ తుమ్మి తుమ్మి బయటికి పరిగెత్తాడు, ఫ్యాన్ రెక్కల మధ్య ఎర్రగా అంగుళం మందాన కారం మేట వేసుకుంది. బ్లోయర్ పెట్టగానే గదంతా పొగలా లేచింది, పక్క కొట్టువాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఏమైందని అడిగారు. ఇప్పుడు నెలకోసారి యార్డు సెలవు రోజున, సీపీయూ డాబా మీదికి తీసుకెళ్ళి దులుపుతాం.

బ్రాడీపేట_సర్వీస్ · శనివారం సాయంత్రం 6:00

గుమాస్తా గారు చెప్పింది నిజం, ఆ తుమ్మిన మెకానిక్‌ని నేనే.

సింగ్‌నగర్ గారూ, దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగు పోతుంది. పంక్చర్ షాపుకి తీసుకెళ్ళి గాలి కొట్టించకండి, అందులో నీటి తుంపర, ఒక్కోసారి నూనె కూడా వస్తుంది. మెత్తని పెయింట్ బ్రష్ చాలు. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది. ఫ్యాన్ నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి, అవి నాలుగూ బోర్డులోకి దిగి ఉన్నాయా లేదా చూడండి.

సింగ్‌నగర్_డీటీపీ · ఆదివారం ఉదయం 11:30

దొరికింది. ఒక పిన్ను విరిగి పైకి లేచి ఉంది. ఫ్యాన్ ఒక పక్కకి ఒరిగింది, వేలితో కదిపితే ఊగుతోంది. వరద రోజు మెట్లమీద గోడకి తగిలించా, అప్పుడే విరిగి ఉంటుంది. తీసి చూస్తే కింద థర్మల్ పేస్టు ఎండి సున్నంలా రాలింది. అంటే ఏడాదిన్నరగా ఒంటికాలి మీద నడుస్తోందన్నమాట.

కొత్త కూలర్, పేస్టు ట్యూబు తెచ్చా, 650 అయ్యాయి. పాత పేస్టు స్పిరిట్‌తో తుడిచి, మధ్యలో కందిగింజంత పెట్టి బిగించా. ఇప్పుడు రెండు గంటలుగా పేజ్‌మేకర్, బ్రౌజర్, స్కానర్ అన్నీ తెరిచి ఉంచా, 3.29 దగ్గరే ఉంది. వేడి ఇంతకుముందు చూస్తే 97 డిగ్రీలు, ఇప్పుడు 58 దాటలేదు.

పాత డిస్క్ ఏం చేయమంటారు? పాత ఇనుము వాడు 100 ఇస్తానన్నాడు.

లక్ష్మీపురం_అక్క · ఆదివారం మధ్యాహ్నం 12:10

నీ షాపులో ఎంతమంది ఆధార్ కార్డులు స్కాన్ చేయించుకుని ఉంటారో ఒకసారి ఆలోచించు. విప్పి, లోపలి పళ్ళేలు తీసి సుత్తితో నాలుగు వేసి అప్పుడివ్వు. అయస్కాంతాలు మాత్రం దాచుకో, బీరువా తలుపుకి శుభలేఖలు అంటించుకోవచ్చు.

ఇంక ఆ గూడు తీసేసి సీపీయూని టేబుల్ కింద పెట్టుకో, గాలి ఆడుతుంది.

సింగ్‌నగర్_డీటీపీ · ఆదివారం రాత్రి 9:45

డిస్క్ పగలగొట్టేశా అక్కా. గూడు విషయంలో మాత్రం మీ మాట సగమే విన్నా. తలుపు పీకించి, వెనక చెక్కకి నాలుగంగుళాల రంధ్రాలు రెండు కోయించా, వడ్రంగి 200 తీసుకున్నాడు. చెయ్యి పెట్టి చూశా, వేడి వెనక్కి పోతోంది. కిందికి మాత్రం దించను. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గోడమీద మరక ఇంకా ఉంది, రోజూ కుర్చీలో కూర్చుంటే సరిగ్గా నా మోచేతి దగ్గరికి కనిపిస్తుంది.